ఇంటి తొట్టిలో చిట్టిరొయ్యలు

గాజుతొట్టిలో చేపలను పెంచువారందరికిని ఏదో ఒకనాడు ఎదురగు అనుభవ మొకటి కలదు. డబ్బాలోని ఎండుగుళికలను చిటికెడు తీసి నీటిపై చల్లగా, నిన్నటివరకు ఎగబడి తినిన ఏంజెల్ చేప నేడు తాపీగా పైకి వచ్చి, ఒక గుళికను నోట గ్రహించి, క్షణమాత్రము పుక్కిటబెట్టి, ఉమిసివేసి, మొక్కల చాటునకు మరలిపోవును. దానికి ఆకలి లేక కాదు. వేటాడి తినుటకు పుట్టిన ప్రాణికి కదలని మెతుకుపై కలుగు విముఖత అది. అదే చేప యెదుట ప్రాణముతో ఈదుచున్న చిట్టిరొయ్య నొకదానిని విడిచి చూడుడు: వ్రాలియున్న రెక్కలు నిక్కబొడుచుకొనును, కన్నులు రెండును ఒకే గురిపై నిలుచును, దేహమంతయు ఎక్కుపెట్టిన బాణమువలె ఒక్క క్షణము నిశ్చలమై, అంతలోనే ముందునకు దూకును. రొయ్య తోకను పొట్టక్రిందికి ఫట్టున మడిచి జానెడు దూరము వెనుకకు ఎగిరిపడును. చేప మరల గురి చూచుకొనును. అరనిముసము సాగు ఆ వేటలో చేప పొందు వ్యాయామమును ఉత్సాహమును ఏ డబ్బాలోను దొరకవు.

సజీవాహారమని అడుగగానే మన పట్టణములలోని చేపల దుకాణములవారు చూపునవి ట్యూబిఫెక్స్ అను ఎర్రని సన్నపురుగులు. మురుగునీటి అడుగుబురదలో గుంపులు గుంపులుగా పెరుగు ఈ పురుగులు చేపలకు మిక్కిలి ఇష్టమైనవే కాని, ఆ బురదలోని దోషములును వానితో కూడ తొట్టిలోనికి దిగుమతి యగును. దోమపిల్లలు మంచి మేతయే యైనను, చేప తినగా మిగిలినవి రెక్కలు తొడిగి ఇంటివారిని కుట్టును. ఆర్టీమియా గ్రుడ్లను ఉప్పునీటిలో పొదిగించి, అప్పుడే పుట్టినవానిని చేపపిల్లలకు పెట్టు పద్ధతి ప్రశస్తమైనది; కాని ఆ ప్రాణులు మంచినీటిలో కొన్ని గంటలకు మించి బ్రతుకజాలవు. మంచినీటి చిట్టిరొయ్యకు ఈ చిక్కు లేవియు లేవు. చేప బ్రతుకు నీటిలోనే అదియు బ్రతుకును, అందే పిల్లలను పెట్టును. చేప దానిని వెంటనే పట్టుకొనకున్నను చావక, మొక్కల మొదళ్ళలోని పాచిని, చేపలు విడిచిన మెతుకులను ఏరి తినుచు, తొట్టిని శుభ్రము చేయుచునే యుండును.

పోషణ విషయములో రొయ్యకు గల విశేషమును మన వంటింటనే చూడవచ్చును. కడిగి తెచ్చినపుడు బూడిదవన్నెగా ఉండు రొయ్యలు మూకుడు వేడెక్కగానే ఎర్రబారుట ఇగురు వండు ఇల్లాండ్రందరికిని తెలిసినదే. ఆ ఎరుపు కారమునుండి వచ్చినది కాదు. అస్టాగ్జాంథిన్ అను వర్ణద్రవ్యము రొయ్య దేహములో మాంసకృత్తులతో ముడివడి మరుగున ఉండి, వేడికి ఆ ముడి వీడగానే తన నిజమైన రంగును బయటపెట్టును. అలంకారమునకై పెంచు చేపల యొంటిమీది ఎరుపు, నారింజ వన్నెలకు మూలము ఇట్టి కెరోటినాయిడ్లే. వానిని చేప తన దేహములో సృష్టించుకొనజాలదు, తినిన మేతనుండియే గ్రహింపవలెను. ఇక పెంకులోని కైటిన్ మన ఆహారములోని పీచువంటిది. అది ప్రేగులకు కదలిక నిచ్చును. కేరళ నదులలో పుట్టు చిట్టి పఫర్ చేప ఎండుగుళికలను సాధారణముగా ముట్టనే ముట్టదు. అట్టిదానిని పెంచువారికి ఇంట రొయ్యల తొట్టి యుండుట విలాసము కాదు, అవసరము.

రొయ్య యనగానే మన డెల్టా ప్రాంతములవారి మనసునకు తోచునది నీలకంఠ రొయ్య. కృష్ణా గోదావరుల మంచినీటిలో పెరిగి, నీలివన్నె గల పొడవైన కొండికాళ్ళతో రాజసము వెలార్చు ఈ రొయ్యను ఇంటి తొట్టిలో పిల్లలు పెట్టించవచ్చునా యని నన్ను అడిగినవారు పలువురు కలరు. అది సాధ్యము కాదు. ఎందుకు కాదో తెలిసికొనుట మాత్రము ప్రయోజనకరము. ఈ జాతి తల్లిరొయ్య గ్రుడ్లను మోసికొనుచు నదివెంట సముద్రపు మొగవైపునకు దిగిపోవును. అక్కడి ఉప్పుకలిసిన నీటిలో పుట్టు డింభకములు పెద్దవానిని ఏమాత్రము పోలక, తలక్రిందులుగా, తోక ముందుగా ఈదుచు, పదునొకండు దశలు గడచిన తరువాతనే రొయ్యపిల్లలై మంచినీటికి ఎదురెక్కును. ఈ రహస్యము చిరకాలము తెలియలేదు. మంచినీటి రొయ్య కదా యని మంచినీటిలోనే ఉంచిన డింభకములు కొలది దినములకే చచ్చిపోవుచుండెడివి. 1961లో నాటి మలయాలోని పెనాంగు దీవిలో పరిశోధన చేయుచున్న శావ్-వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు వానికి ఉప్పు కావలెనని కనుగొనెను. సముద్రపు నీటిలోని ఉప్పులో ఇంచుమించు మూడవవంతు గల నీరు వానికి అనుకూలము. తరువాత నెల్లూరు మొదలైన చోట్ల వెలసిన నీలకంఠ రొయ్యల హేచరీలకు ఆధారము ఆ యెరుకయే. పాచి తినుటలో మేటి యని పేరొందిన జపాను దేశపు అమానో రొయ్యదియు ఇదే కథ: తొట్టిలో గ్రుడ్లు మోయును గాని, పిల్లలకు ఉప్పునీరు లేనిదే బ్రతుకు లేదు.

కావున ఇంట పెంచువానికి కావలసినది సముద్రముతో పని లేని జాతి. దుకాణములలో చెర్రీ రొయ్య యని అమ్మునది అట్టిది. శాస్త్రజ్ఞులు దీనిని నియోకారిడినా డేవిడీ అందురు. 1904లో ఫ్రెంచి ప్రాణిశాస్త్రజ్ఞుడు బూవియే దీనిని మొదట వర్ణించెను. తూర్పు చైనాలోను తైవానులోను వాగులలో, కుంటలలో ఇది సహజముగా పెరుగును. అడవిజాతి గాజువలెనో, మట్టిరంగుననో ఉండును. ఎర్రని వన్నె తైవానులో ఏరి ఏరి పెంచగా స్థిరపడినది. పెద్దదైన ఆడరొయ్య పొడవు 3 సెంటీమీటర్లకు అటునిటుగా ఉండును. ఆయువు ఒకటి రెండు సంవత్సరములు. మన చెరువులలోను కాలువగట్ల గడ్డి మొదళ్ళలోను దీని చుట్టములైన కారిడినా జాతుల సన్నరొయ్యలు లేకపోలేదు. కాని వలవేసి తెచ్చినవానితో పాటు చేపపేను, తూనీగపిల్ల, తెలియని రోగములు ఇంటికి వచ్చును గనుక, మొదటిసారి పెంచువారు చెర్రీ రొయ్యతోనే ఆరంభించుట మేలు.

రొయ్యలను పెంచుట యనగా నిజమునకు నీటిని పెంచుటయే. ఈ మాట నాకు అర్థమగుటకు రెండు తొట్లు ఖాళీ కావలసివచ్చినది. క్రొత్తతొట్టిలో క్రొత్తనీరు పోసి, అద్దమువలె తేటగా ఉన్నది గదా యని రొయ్యలను విడిచినచో అవి వారము తిరుగకుండ చచ్చును. ప్రాణి విసర్జించిన మలమునుండి, మిగిలిన మేతనుండి అమ్మోనియా పుట్టును, అది విషము. కొన్ని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. దాని హాని చాల తక్కువ. మట్టిలోను నీటిలోను నిత్యము జరుగు ఈ రెండంచెల మార్పును రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు వినోగ్రాద్స్కీ 1890 ప్రాంతమున నిరూపించెను. ఆ సూక్ష్మజీవులు తొట్టి గోడలమీద, ఇసుకమీద, ఫిల్టరులోని స్పాంజిమీద కాపుర మేర్పరచుకొనుటకు 4 నుండి 6 వారములు పట్టును. అన్నాళ్ళును తొట్టిని నీటితో, మొక్కలతో నింపి, ఫిల్టరు నడపుచు, అపుడపుడు చిటికెడు మేత వేయుచు, రొయ్య యొక్కటియు లేకుండ ఎదురుచూడవలెను. ఈ నిరీక్షణయే రొయ్యల పెంపకములో కష్టమైన భాగము, తక్కినదంతయు సులభము.

తొట్టి 40 లీటర్లు పట్టునదైన చాలును. గాజుదే కానక్కరలేదు; పాతబడిన సిమెంటు గాబు కూడ బాగుగా పనికివచ్చును, క్రొత్తదైనచో మాత్రము సున్నపు ఘాటు పోవువరకు కొన్ని వారములు నీరు నింపి పారబోయుచుండవలెను. ఫిల్టరు స్పాంజిదే కావలెను: మోటారుతో నీరు పీల్చు ఫిల్టర్లు చీమతలకాయంత పిల్లలను కూడ పీల్చివేయును, స్పాంజి పీల్చకపోగా, తనమీద పేరుకొను జిగురుపొరతో వానిని మేపును. జావా నాచు ఒక గుప్పెడు వేసినచో అదియే అల్లుకొని పిల్లలకు ఉయ్యాలగను, మేతబీడుగను, కోటగను ఉపకరించును. దుకాణమునుండి తెచ్చిన రొయ్యలను ఒక్కసారిగా క్రొత్తనీటిలో వదలరాదు. వాని పాతనీటితోనే ఒక గిన్నెలో ఉంచి, సెలైన్ ఎక్కించు గొట్టముతో తొట్టినీటిని చుక్క చుక్కగా గంటసేపో రెండుగంటలో దింపి, ఆ తరువాత విడువవలెను.

నీటిని గూర్చి నేను పడిన పెద్దదెబ్బ ఇక్కడ చెప్పవలెను. కొళాయి నీటిలో క్లోరిన్ ఉండును. వెడల్పు నోటి పాత్రలో ఒక దినము నిలువయుంచినచో అది చాలవరకు ఎగిరిపోవును. ఇది తెలిసి, ఒక రాత్రి బకెట్లన్నియు బట్టలు నానవేసి యుండుటచే, నేను వంటింటి గట్టుమీది రాగిబిందెలో నీరు పట్టి ఉంచితిని. మరునా డుదయమున అందులోని నీరు నాలుగు చెంబులు తొట్టిలో పోసి పనిమీద పోయి, సాయంకాలము తిరిగివచ్చి చూతును గదా, ఎన్నడును నాచు విడిచి కదలని రొయ్యలు నీటి పైఅంచున గాజును గీరుకొనుచు తిరుగుచున్నవి. కొన్ని అప్పటికే ఒకప్రక్కకు ఒరిగి కాళ్ళు వణకించుచున్నవి. చచ్చినవి ఉడికించినట్లు పాలిపోయి ఇసుకమీద పడియున్నవి. మా అమ్మ నా వెనుకనే నిలువబడి, "రాత్రే చింతపండు పెట్టి తోమాను నాయనా, బిందె అద్దంలా ఉంది, నీళ్ళకేమైంది?" అనెను. బిందె అద్దమువలె ఉండుటయే ఆపద. పులుపుతో తోమిన రాగి అణువణువుగా నీటిలోనికి దిగినది. ఆ మోతాదు మనుష్యునకు లెక్కలోనిది కాదు, చిట్టిరొయ్యకు మృత్యువు. అరువదింటిలో తెల్లవారుసరికి మిగిలినవి 7.

దీనిలో నన్ను నేటికిని ఆశ్చర్యపరచు విషయ మొకటి కలదు. మన రక్తములో ప్రాణవాయువును మోయునది ఇనుము గల హీమోగ్లోబిన్. అందుచే మన రక్తము ఎరుపు. రొయ్య రక్తములో ఆ పని చేయునది రాగి గల హీమోసయనిన్. ప్రాణవాయువు సోకినపుడు దానిది లేత నీలివన్నె. అనగా రొయ్య తన యూపిరి నంతటిని రాగిమీదనే నడుపుకొనుచున్నది. అట్లయ్యును, తనకు కావలసిన లేశమునకు మించి నీటిలో రాగి యున్నచో అది మొప్పలను పాడుచేసి దానినే చంపును. నాటినుండి మా యింట రొయ్యలనీరు ప్లాస్టిక్ బకెట్టులో తప్ప పట్టుట లేదు. చేపల జబ్బులకును పాచి నిర్మూలనకును అమ్ము మందులలో కొన్నింట రాగి యుండును. సీసాపై చీటీ చదువక ఒక్క చుక్కయు రొయ్యల తొట్టిలో వేయరాదు.

రాగి తరువాత భయపడవలసినది పురుగుమందులకు. రొయ్యయు పురుగును కీళ్ళకాళ్ళు గల ఒకే మహావర్గమునకు చెందినవి. దోమను చంపునది రొయ్యనును చంపును. దోమల కొరకు ప్లగ్గునకు పెట్టి ఆవిరి పట్టు మందులలోను, చుట్టలలోను ఉండు పైరిత్రాయిడ్లు నీటిలోని ప్రాణులకు అతితీవ్రమైన విషములు. గాలిపంపు ఆ గదిగాలినే పీల్చి తొట్టిలోనికి బుడగలుగా పంపును. కావున రొయ్యలున్న గదిలో దోమతెరయే శరణ్యము. బజారులోని ఆకుకూరపై చల్లిన మందు కూడ ఇట్టిదే. పెరటిలోనో కుండీలోనో మన చేతితో పెంచిన పాలకూర రెండాకులు బజారు కట్టకంటె విలువైనవి.

మేత విషయము చాలమంది అనుకొనునంత పెద్దది కాదు. కుదురుకొనిన తొట్టిలో రాళ్ళమీద, ఆకులమీద పేరుకొను జిగురుపొరయే రొయ్యకు ముఖ్యాహారము. మనము వేయునది దానికి తోడు మాత్రమే. గోదావరి జిల్లాలలో విస్తళ్ళు కుట్టుకొను నాటుబాదము ఆకు, చెట్టుననే పండి ఎండి రాలినది, ఒకటి కడిగి వేసినచో నెలదినములకు పైగా వాని బంతిభోజనము సాగును. చివరకు ఈనెలు మాత్రము మిగిలి జలతారువలె కనబడును. వారమునకు ఒకటి రెండుసార్లు ఉడికించిన పాలకూరయో బీరకాయముక్కయో వేసి, తినగా మిగిలినదానిని కొన్ని గంటలలో తీసివేయవలెను. ఆకలిచే చచ్చిన రొయ్యలకంటె, మిగిలిన మేత క్రుళ్ళి నీరు చెడుటచే చచ్చిన రొయ్యలే ఎక్కువ. వారమున కొకసారి పదింట ఒకవంతు నీటిని మార్చిన చాలును. ఎక్కువ మార్చుట తక్కువ మార్చుటకంటె ప్రమాదకరము.

మన దేశపు వేడి సంగతి మరువరాదు. ఈ జాతికి 22 నుండి 28 డిగ్రీలు హాయి. శీతకాలములో మనకు హీటరు అవసరము లేదు. చలికి పెరుగుట మందగించును గాని చావవు. వైశాఖ జ్యేష్ఠములలోనే కష్టము. నీరు 20 డిగ్రీలలో ఉన్నపుడు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టియుంచును. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోవును. అదే సమయమున ప్రాణుల యూపిరి వేగము పెరుగును. తొట్టిని పడమటి గోడకు దూరముగా ఉంచి, గాబైనచో చుట్టును గోనెపట్టా తడిపి కట్టి, గాలిబుడగలను పెంచినచో ఎండకాలము గట్టెక్కును. మంచుగడ్డలు వేయుట మాత్రము వలదు. నీటి వేడిలో ఆకస్మికముగా కలుగు మార్పు వేడికంటె చెడ్డది.

ఇక సంతానము. దీనిని చూడదలచినవారు ఒక చేతిభూతద్దమును కొనుక్కొనుడని నా ప్రార్థన. ఆడది మగదానికంటె పెద్దది. దాని పొట్ట అంచు దోనెవలె క్రిందికి దిగియుండును. మగది సన్నగా, వెలిసినట్లు ఉండును. ఆడది ఈడేరినపుడు తల వెనుక, వీపుమీద, పసుపుపచ్చని జీనువంటి మచ్చ తోచును. అది పారదర్శకమైన దేహమునుండి కనబడు అండాశయము. ఒకనాడు ఆ ఆడరొయ్య కుబుసము విడుచును. పెంకు పెరుగదు గనుక, రొయ్య పెరుగవలెనన్న పెంకు విడువక తప్పదు. వీపుమీద నిలువునకు అడ్డముగా చీలిన సందునుండి ఒక్క విదిలింపుతో బయటపడి, తన రూపమే గాజుబొమ్మవలె ఇసుకమీద విడిచిపోవును. క్రొత్తవారు దానిని చచ్చినరొయ్య యనుకొని తీసి పారవేయుదురు. తీయరాదు, అందలి సున్నమును రొయ్యలు తిరిగి తినును. నీటిలో సున్నము చాలనిచో క్రొత్తపెంకు గట్టిపడదు. పచారి దుకాణములో దొరకు సముద్రపు నురుగు చిన్నముక్క వేసినచో ఆ లోటు తీరును.

కుబుసము విడిచిన ఆడది మెత్తని దేహముతో నాచు మరుగున దాగి, నీటిలో మనకు తెలియని గంధ మొకటి విడుచును. అంతవరకు తలవంచి మేయుచున్న మగరొయ్యలన్నియు ఒక్కసారిగా మేత మాని, తొట్టి ఈ కొసనుండి ఆ కొసకు పిచ్చెత్తినట్లు ఈదులాడును. మరునాటికి వీపుమీది మచ్చ మాయమై, గ్రుడ్లు పొట్టక్రింద ఈతకాళ్ళ నడుమ ద్రాక్షగుత్తివలె వ్రేలాడుచుండును. ఒక్కొక్కమారు 20 నుండి 30 గ్రుడ్లు. పెద్దతల్లికి అంతకంటెను ఎక్కువ. నెలకు కొంచెము తక్కువగా తల్లి వానిని మోయును. ఆ దినములన్నియు ఈతకాళ్ళతో విసరుచు, వానికి క్రొత్తనీరు తగులునట్లు చేయుచు, చెడినదానిని ఏరి పారవేయుచుండును. చివరివారములో భూతద్దముతో చూచినచో, సన్నావగింజంత గ్రుడ్డు ప్రతిదానియందును రెండు నల్లని చుక్కలు కనబడును. అవి పుట్టబోవు పిల్ల కన్నులు. పుట్టిన పిల్లకు డింభకదశ లేదు. 2 మిల్లీమీటర్ల పొడవున, మీసములతో, కాళ్ళతో, తోకతో పెద్దరొయ్యకు అచ్చుగ్రుద్దినట్లు ఉండును, పుట్టిన నిముసమునుండియే మేయుట మొదలుపెట్టును. పెనాంగులో పరిశోధకుడు ఉప్పునీటి జాడీలలో వెదకిన మార్గమును ఈ చిన్నప్రాణి గ్రుడ్డులోపలనే నడచి వచ్చినది.

పిల్లలకు శత్రువులు కలరు. మొక్కలతో వచ్చు హైడ్రా తన తంతువులతో వానిని పట్టి మ్రింగును. ప్లనేరియా అను చదునుపురుగు మెత్తని దేహముగల వానిపై పడును. దీనికి వక్కనుండి తీసిన మందు రొయ్యలకు హాని లేకుండ పనిచేయును, నత్తలను మాత్రము చంపును. తూనీగపిల్ల ఒక్కటి చాలును, నెలలో తొట్టి నంతటిని ఖాళీచేయుటకు. బయట ఉంచిన గాబులకు సన్నని వల కప్పవలెను. రొయ్యలను పెంచు తొట్టిలో చేపలను ఉంచరాదని వేరుగ చెప్పనక్కరలేదు. గప్పీ వంటి సాధువు కూడ రొయ్యపిల్లను విడువదు.

ఎన్ని తీయవచ్చును? ఇక్కడ ఆశ పనికిరాదు. 20 రొయ్యలు తెచ్చితి మనుకొందము. అందు సగము ఆడవి. నెలకు ఒక్కొక్కటి 20 పిల్లలను పెట్టినచో 200. వానిలో సగము పెరిగి పెద్దవైనచో 100. పుట్టిన పిల్ల తిరిగి తల్లి యగుటకు రెండున్నర నుండి మూడు నెలలు పట్టును. కావున మొదటి 4 నెలలు తొట్టిలో చేయి పెట్టరాదు. తరువాతను పెరిగివచ్చినవానిలో సగమునకు మించి తీయరాదు. అనగా నెలకు 50, వారమునకు 12. రెండు ఏంజెల్ చేపలకు బుధవారము ఆరు, ఆదివారము ఆరు. ఇది పూటభోజనము కాదు, పండుగభోజనము. తక్కిన దినములకు గుళికలు ఉండనే యున్నవి. తీయుటకు ముందురోజు స్పైరులినా పొడి కొంచెము వేసినచో, ఆ సారము రొయ్య కడుపులో ఉండగానే చేపకు చేరును.

ప్రేమతో పెంచి, తుదకు చేపనోట వేయుటయా యని అడుగు మిత్రులు నాకు కలరు. చిన్నచేపను పెద్దచేప మ్రింగు మత్స్యన్యాయమును రాజ్యమునందు ఉండరానిదిగా మన అర్థశాస్త్రకారులు చెప్పిరి; నీటియందు మాత్రము అది నేటికిని ధర్మమే. చేపను ఇంటికి తెచ్చుకొనిన నాడే దాని ఆకలిని కూడ తెచ్చుకొంటిమి. ఆ ఆకలికి బలియగు ప్రాణి బ్రతికినన్నాళ్ళు మంచినీటిలో, మంచిమేతతో, తన జాతి నడుమ బ్రతుకునట్లు చూచుట నా చేతిలో ఉన్నది. నేను చేయుచున్నది అదియే.

చేయకూడని దొకటి ఖండితముగా చెప్పవలెను. విసుగు పుట్టియో, ఎక్కువైనవనియో ఈ రొయ్యలను చెరువులో గాని కాలువలో గాని వదలరాదు. హవాయి దీవులలో, జర్మనీ, పోలండు దేశములలో ఎవరో తొట్లనుండి వదలిన ఈ జాతియే నేడు అక్కడి నీళ్ళలో స్థిరపడియున్నది. మన కాలువలలోని సన్నరొయ్యల మేతకు ఇది పోటీ యగును; కోట్లాది రొయ్యలు పెరుగు మన తీరపు చెరువులకు తెలియని రోగములను చేరవేయగలదు. తొట్టినీటిని కూడ కాలువలో గాక మొక్కల మొదట పోయుట మంచిది. వానికి అది ఎరువు.

తీయు విధానము చెప్పి ముగింతును. సందెవేళ చిన్నవలను తొట్టి అడుగున పరచి, దానిమీద ఉడికిన బీరకాయచక్రము నొకదానిని ఉంచుదును. పావుగంటలో అది కనబడకుండ రొయ్యలు క్రమ్ముకొనును. వలను మెల్లగా ఎత్తి, తొట్టినీరు పోసిన తెల్లని పింగాణీగిన్నెలోనికి దింపి, దీపము దగ్గరకు తెచ్చి ఒక్కొక్కదానిని చూతును. సన్నని మగవి, వన్నె వెలిసినవి చేపలకు. వీపుమీద పచ్చమచ్చ ఉన్నవి వెనుకకు. గ్రుడ్లతో ఉన్నదానిని వలతో తాకను; చెంచాను నీటిలో ముంచి, అది తనంత తాను ఎక్కువరకు ఆగి, నాచు దగ్గరకు తీసికొనిపోయి వంచుదును. అది ఒక కొమ్మను పట్టుకొని, కొంతసేపు మీసములు మాత్రము ఆడించి, పిదప ఈతకాళ్ళతో గ్రుడ్లను విసరుకొనుట మొదలుపెట్టును.